పరుల అప్పుకు తన ఆస్తి జప్తయితే... చట్టం చూపిన విముక్తి మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

ఒకరు చేసిన అప్పుకు మరొకరి ఇల్లు గాని, పొలం గాని జప్తు కావడం అరుదే అయినా అసంభవం కాదు. అప్పుతో ఏ సంబంధమూ లేని వ్యక్తి తన ఆస్తిని విక్రయించబోయినప్పుడో, బ్యాంకు రుణానికి దరఖాస్తు చేసినప్పుడో రుణభార ధ్రువపత్రంలో కోర్టు జప్తు నమోదై ఉన్నట్లు మొదటిసారిగా తెలుసుకొని దిగ్భ్రాంతి చెందుతాడు. కొనుగోలుదారు వెనుకడుగు వేస్తాడు. బ్యాంకు ఫైలును పక్కన పెడుతుంది. ఇటువంటి సందర్భాలలో అసలు యజమానికి రక్షణ కల్పించే నిబంధనలు చట్టంలో స్పష్టంగా ఉన్నాయి. అయితే వాటిలో చాలా వరకు గడువుతో ముడిపడినవి కావడం గమనార్హం. ఆలస్యం చేసినకొద్దీ సులభమైన మార్గాలు ఒకటొకటిగా మూసుకుపోతాయి.

జప్తు స్వభావం

సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని 21వ ఆర్డరు 54వ నిబంధన స్థిరాస్తి జప్తు విధానాన్ని నిర్దేశిస్తున్నది. డిక్రీ ప్రకారం బాకీపడిన వ్యక్తి ఆస్తిని అన్యాక్రాంతం చేయరాదని, ఇతరులు దానిని అతని నుండి స్వీకరించరాదని కోర్టు ఉత్తర్వు జారీ చేస్తుంది. ఆ ఉత్తర్వును ఆస్తి ఉన్న చోట దండోరా ద్వారా ప్రకటించి, ఆస్తిపై నలుగురికీ కనిపించే చోట, కోర్టు భవనంలోనూ ప్రతిని అంటించవలసి ఉంటుంది. శిస్తు చెల్లించే భూమి అయితే కలెక్టరు కార్యాలయంలోనూ, గ్రామంలోని భూమి అయితే పంచాయతీ కార్యాలయంలోనూ ప్రతిని ఉంచాలి.

జప్తు వలన యాజమాన్యం మారదు. అది బదిలీపై నిషేధం మాత్రమే. జప్తు అనంతరం బాకీదారు చేసిన ప్రైవేటు విక్రయం డిక్రీదారు హక్కుల మేరకు చెల్లదని అదే కోడ్‌లోని 64వ సెక్షన్ పేర్కొంటున్నది. తీర్పుకు ముందే, దావా నడుస్తుండగానే 38వ ఆర్డరు 5వ నిబంధన క్రింద కూడా జప్తు ఉత్తర్వు వెలువడే అవకాశం కలదు. దావా కొట్టివేయబడినచో ఈ రెండవ తరహా జప్తును ఎత్తివేయవలసి ఉంటుంది.

కోర్టు తాఖీదు వెళ్లేది బాకీదారుకే తప్ప అసలు యజమానికి కాదు. ఆస్తి తనది కానప్పుడు బాకీదారు మౌనం వహించడంలో ఆశ్చర్యం లేదు. యజమాని వేరే ఊరిలో నివసిస్తున్నా, స్థలం ఖాళీగా ఉన్నా దండోరా విషయం అతని చెవిన పడదు. పొరపాటు జప్తు ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

పొరపాటు జరిగే సందర్భాలు

ఇటువంటి జప్తులు స్థూలంగా 5 విధాలుగా ఉంటాయి. మొదటిది, పేరు ఒకటే కావడం. ఇంటిపేరు, పేరు కలిసి, తండ్రి పేరు సరిచూడనప్పుడు ఒకరి ఆస్తి మరొకరి ఖాతాలో చేరుతుంది. రెండవది, సర్వే నంబరు ఉపవిభాగాలలో గందరగోళం. ఒకే సర్వే నంబరులో పలువురు రైతులు ఉన్నప్పుడు, ఉపవిభాగం గాని చెక్కుబందీ గాని వ్రాయకుండా మొత్తం నంబరును జప్తు షెడ్యూలులో చూపితే నిరపరాధుల భూమి కూడా చిక్కుకుంటుంది. పట్టణాలలో పురపాలక సంఘం ఇంటి నంబర్లు మార్చినప్పుడు ఇదే సమస్య తలెత్తుతుంది.

మూడవది, బాకీదారు ఆ ఆస్తిని ఏనాడో విక్రయించినా, రెవెన్యూ రికార్డులో గాని పన్నుల రిజిస్టరులో గాని అతని పేరే కొనసాగడం. నాలుగవది, ఉమ్మడి ఆస్తిలో ఒక భాగస్వామి బాకీకి అందరి వాటాలను జప్తు చేయడం. ఐదవది, కుటుంబ సభ్యుని అప్పుకు భార్య, తల్లి లేదా సోదరుల స్వార్జిత ఆస్తిని చూపడం. దీనికి తోడు, నకిలీ దస్తావేజులతో ఇతరుల ఆస్తిని బ్యాంకుకు తనఖా పెట్టే మోసాలు వేరొక కోవకు చెందినవి.

ఉత్తర్వు ఎవరిదో తెలుసుకొనుట ప్రథమ కర్తవ్యం

పరిష్కార మార్గం ఉత్తర్వు జారీ చేసిన అధికారిని బట్టి మారుతుంది. కనుక సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి రుణభార ధ్రువపత్రం, వాడుకలో చెప్పే ఈసీ పొంది, అందులోని నమోదును జాగ్రత్తగా పరిశీలించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో ప్రారంభమైన కార్డ్ పథకంతో రిజిస్ట్రేషన్ వివరాల కంప్యూటరీకరణకు నాంది పడింది. ప్రస్తుతం 1983 నుండి జరిగిన లావాదేవీల వివరాలు రెండు రాష్ట్రాలలోనూ ఆన్‌లైన్‌లో లభ్యమవుతున్నాయి. అంతకు పూర్వపు వివరాలకు కార్యాలయంలోనే దరఖాస్తు చేయవలసి ఉంటుంది. తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ 2020 నుండి తహసీల్దార్ల పరిధిలోకి వచ్చినందున ఆ భూముల విషయమై తహసీల్దారు కార్యాలయాన్ని సంప్రదించాలి.

దరఖాస్తులో ఇచ్చిన ఆస్తి వివరణ ఆధారంగానే ఈసీలో ఫలితం వెలువడుతుందన్న సంగతి మరువరాదు. అదే ఆస్తిని మరొక విధంగా వర్ణించిన దస్తావేజు ఆ వెదుకులాటకు దొరకకపోవచ్చు. కనుక పాత, కొత్త ఇంటి నంబర్లు, సర్వే నంబరు, ఉపవిభాగం అన్నింటితోనూ వెదకించడం మేలు.

నమోదులో కోర్టు పేరు, దావా నంబరు లేదా అమలు పిటిషన్ నంబరు, సంవత్సరం ఉంటాయి. వీటి ఆధారంగా న్యాయవాది ద్వారా సంబంధిత కోర్టు నుండి జప్తు ఉత్తర్వు, ఆస్తి షెడ్యూలు, అమీనా సమర్పించిన నివేదికల సర్టిఫైడ్ నకళ్లను పొందాలి. షెడ్యూలులోని హద్దులను తన దస్తావేజులోని హద్దులతో సరిపోల్చితే పొరపాటు ఎక్కడ జరిగినదీ సాధారణంగా అక్కడే తేలిపోతుంది.

సివిల్ కోర్టు జప్తుకు క్లెయిమ్ పిటిషన్

జప్తు చేసిన కోర్టులోనే 21వ ఆర్డరు 58వ నిబంధన క్రింద క్లెయిమ్ పిటిషన్ దాఖలు చేయడం ప్రధానమైన మార్గం. 1976లో జరిగిన సవరణకు పూర్వం ఈ విచారణ సంక్షిప్తంగా సాగేది. యాజమాన్య హక్కు తేలాలంటే వేరుగా దావా వేయక తప్పేది కాదు. సవరణ అనంతరం హక్కు, యాజమాన్యం, ప్రయోజనాలకు సంబంధించిన ప్రశ్నలన్నింటినీ క్లెయిమ్ విచారించే కోర్టే తేల్చాలి. ఆ ఉత్తర్వుకు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. దానిపై అప్పీలు చేసుకొనవచ్చును.

విచారణానంతరం కోర్టు ఆస్తిని పూర్తిగా గాని, కొంత మేరకు గాని జప్తు నుండి విడుదల చేయవచ్చు. ఉమ్మడి ఆస్తిలో ఒకరి వాటాకే జప్తును పరిమితం చేయడానికి ఈ 'కొంత మేరకు' అన్న వెసులుబాటు ఉపకరిస్తుంది. తీర్పుకు ముందు జరిగిన జప్తులకు సైతం ఇదే విధానం వర్తిస్తుందని 38వ ఆర్డరు 8వ నిబంధన చెబుతున్నది. అట్టి జప్తు, దానికి ముందే ఏర్పడిన మూడవ వ్యక్తుల హక్కులను భంగపరచదని 10వ నిబంధన విస్పష్టం చేస్తున్నది.

అయితే 2 సందర్భాలలో క్లెయిమును స్వీకరించకుండా నిరాకరించే అధికారం ఉంది. క్లెయిమ్ దాఖలుకు ముందే ఆస్తి విక్రయమై ఉండటం ఒకటి. ఉద్దేశపూర్వకంగా గాని, అనవసరంగా గాని జాప్యం చేసినట్లు కోర్టు భావించడం రెండవది. ఆ విధంగా నిరాకరణకు గురైనవారు హక్కు నిరూపణకు విడిగా దావా వేయవచ్చు. కాని అది దీర్ఘమైన మార్గం. అందువలన జప్తు సంగతి ఏ తేదీన, ఏ విధంగా తెలిసినదీ పిటిషన్‌లో వివరించి, ఈసీ తీసుకున్న తేదీని ఆధారంగా చూపడం అవసరం. అప్పటికే వేలం ప్రకటన వెలువడి ఉంటే దానిని వాయిదా వేయవలసిందిగా 59వ నిబంధన క్రింద కోరవచ్చు.

కొనుగోలు దస్తావేజు, దానికి ముందరి లింకు దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్ లేదా పహాణీ నకళ్లు, ఇంటి పన్ను రసీదులు, విద్యుత్ బిల్లులు, జప్తు తేదీకి ముందరి ఈసీ ప్రధానమైన ఆధారాలు. పేరు ఒకటే కావడం వలన జరిగిన పొరపాటులో తండ్రి పేరు, నివాసం, సంతకంలోని తేడాలను చూపే గుర్తింపు పత్రాలు కీలకం. సర్వే నంబరు వివాదంలో మండల సర్వేయరు కొలతల నివేదిక, ఉపవిభాగపు పటం నిర్ణాయకం అవుతాయి.

తేదీల ప్రాముఖ్యం

జప్తు నాటికి ఆస్తి ఎవరిదన్న ప్రశ్నపైనే క్లెయిమ్ ఫలితం ఆధారపడి ఉంటుంది. విక్రయ దస్తావేజు జప్తుకు ముందే వ్రాయించి, రిజిస్ట్రేషన్ మాత్రం జప్తు తరువాత జరిగితే ఏమిటన్న సందేహం తరచుగా తలెత్తుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 47వ సెక్షన్ ప్రకారం దస్తావేజు వ్రాసిన తేదీ నుండే అమలులోకి వస్తుంది గనుక కొనుగోలుదారు హక్కు నిలబడుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జప్తుకు ముందే విక్రయ ఒప్పందం కుదిరి, దాని ప్రకారం తరువాత విక్రయం జరిగినప్పుడు ఒప్పందపు బాధ్యతకే ప్రాధాన్యమని కూడా అదే న్యాయస్థానం పేర్కొంది. ఈ రెండు తీర్పులూ 1990 ప్రాంతంలో వెలువడినవి. 2002లో జరిగిన సవరణ ద్వారా, జప్తుకు ముందే రిజిస్టరైన ఒప్పందం ప్రకారం జరిగే విక్రయాలకు 64వ సెక్షన్‌లోనే మినహాయింపు కల్పించబడింది.

అయితే అప్పులవారిని మోసగించే ఉద్దేశంతో బంధువుల పేర వ్రాసిన దస్తావేజులకు ఈ రక్షణ లభించదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 53వ సెక్షన్ క్రింద అటువంటి బదిలీని ప్రశ్నించే హక్కు రుణదాతకు కలదు. డబ్బు చెల్లింపు బ్యాంకు ద్వారా జరిగినదా, స్వాధీనం నిజంగా మారినదా అన్న విషయాలను కోర్టులు నిశితంగా పరిశీలిస్తాయి. నిజమైన కొనుగోలుదారు ఈ ఆధారాలను ముందుగానే సిద్ధం చేసుకోవడం శ్రేయస్కరం.

కుటుంబ సభ్యుల అప్పులు

హిందూ వారసత్వ చట్టం, 1956లోని 14వ సెక్షన్ ప్రకారం స్త్రీకి సంక్రమించిన ఆస్తికి ఆమే సంపూర్ణ యజమాని. భర్త అప్పుకు హామీ సంతకం చేయని భార్య స్వంత ఆస్తి ఆ అప్పుకు జవాబుదారీ కాదు. అదేవిధంగా, 2005 సెప్టెంబరు 9 తరువాత తండ్రి చేసిన అప్పుకు కేవలం ధార్మిక బాధ్యత అన్న కారణంగా కుమారుడు, మనుమడు, మునిమనుమలపై చర్య తీసుకొనరాదని ఆ చట్టంలోని 6వ సెక్షన్ సవరణ స్పష్టం చేసింది. మరణించినవారి బాకీకి వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు గాని, స్వార్జితానికి బాధ్యులు కారు. హామీదారుగా సంతకం చేసినవారి పరిస్థితి మాత్రం వేరు. అది పరుల అప్పు అనిపించినా, చట్టం దృష్టిలో స్వంత బాధ్యతే.

వేలం జరిగిన పిదప

వేలం పాట ముగిసినంత మాత్రాన ఆశ వదులుకోనవసరం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో 2008లో సుప్రీంకోర్టు, విక్రయం ఖరారు కానంతవరకు 58వ నిబంధన క్రింద అభ్యంతరాన్ని పరిశీలించవచ్చునని పేర్కొంది. వేలం నిర్వహణలో తీవ్రమైన అక్రమం గాని, మోసం గాని జరిగి నష్టం వాటిల్లితే, ఆ విక్రయం వలన ప్రభావితులైనవారు 60 రోజులలోగా 90వ నిబంధన క్రింద రద్దు కోరవచ్చు. అసలు యజమానిని ఆస్తి నుండి ఖాళీ చేయించినట్లయితే 99వ నిబంధన క్రింద 30 రోజులలోగా కోర్టును ఆశ్రయించాలి. అక్కడ సైతం యాజమాన్య ప్రశ్నలన్నింటినీ అదే కోర్టు తేల్చుతుంది.

రెవెన్యూ రికవరీ జప్తులు

ప్రభుత్వ బకాయిల వసూలుకు 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం క్రింద జప్తు జరిగినప్పుడు మార్గం వేరు. ఈ చట్టం క్రింద బకాయిదారు ఆస్తినే జప్తు చేయవలసి ఉంటుంది. కనుక మొదట జప్తు చేసిన అధికారికి, ప్రతిని కలెక్టరుకు ఇస్తూ, దస్తావేజుల నకళ్లతో వ్రాతపూర్వక అభ్యంతరం సమర్పించి రసీదు పొందాలి. విక్రయం జరిగితే దాని ప్రకటనలో గాని, నిర్వహణలో గాని జరిగిన అక్రమం, పొరపాటు, మోసం కారణంగా 30 రోజులలోగా కలెక్టరు ఎదుట రద్దుకు దరఖాస్తు చేయవచ్చునని 38వ సెక్షన్ తెలుపుతున్నది.

సివిల్ కోర్టులో దావాకు 59వ సెక్షన్ 6 నెలల గడువు విధించింది. ప్రభుత్వంపై దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం 2 నెలల నోటీసు ఇవ్వవలసి ఉన్నందున ఈ గడువును మొదటి రోజు నుండే లెక్కించుకోవాలి. అత్యవసర సందర్భాలలో కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేసే వీలున్నది. విచారణే జరపకుండా పరుల బకాయికి ఆస్తిని జప్తు చేసినచో రాజ్యాంగంలోని 226వ అధికరణం క్రింద హైకోర్టును ఆశ్రయించవచ్చు.

బ్యాంకు చర్యలు

సర్ఫేసీ చట్టం, 2002 క్రింద బ్యాంకులు కోర్టు ప్రమేయం లేకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోగలవు. స్వాధీన ప్రకటనను 2 దినపత్రికలలో, వాటిలో ఒకటి స్థానిక భాషలో, ప్రచురించాలి. నకిలీ దస్తావేజులతో పరుల ఆస్తి తనఖా అయిన సందర్భాలలో అసలు యజమాని తరచుగా ఈ ప్రకటన ద్వారానే విషయం తెలుసుకుంటాడు. రుణగ్రహీత మాత్రమే గాక బాధిత వ్యక్తి ఎవరైనా 17వ సెక్షన్ క్రింద 45 రోజులలోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఈ ట్రిబ్యునళ్లు హైదరాబాదు, విశాఖపట్నంలలో ఉన్నాయి. బ్యాంకు చర్య చట్టవిరుద్ధమని తేలితే పరిహారం, ఖర్చులు పొందే అవకాశాన్ని 19వ సెక్షన్ కల్పిస్తున్నది.

ఈ చట్టంలోని 34వ సెక్షన్ సివిల్ కోర్టుల అధికారాన్ని పరిమితం చేసినప్పటికీ, యాజమాన్య హక్కు ప్రకటన, దస్తావేజుల రద్దు వంటి అంశాలు సివిల్ కోర్టుల పరిధిలోనివేనని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మోసంపై పోలీసు ఫిర్యాదు వేరుగా చేయవచ్చు గాని, ఫిర్యాదు చేసినంత మాత్రాన 45 రోజుల గడువు ఆగదు.

నిషేధిత జాబితాలో చేరినప్పుడు

రిజిస్ట్రేషన్ చట్టానికి 2007లో చేసిన రాష్ట్ర సవరణ ద్వారా 22-ఎ సెక్షన్ అమలులోకి వచ్చింది. కోర్టులు, పన్నుల శాఖలు జప్తు చేసిన ఆస్తులలో నిర్దేశిత ప్రయోజనాలకు సంబంధించినవాటిని సైతం నోటిఫికేషన్ ద్వారా నిషేధిత జాబితాలో చేర్చే వీలున్నది. పొరపాటున చేరిన ఆస్తిని తొలగించవలసిందిగా ఆస్తిదారు దరఖాస్తు చేయవచ్చునని అదే సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్ తెలుపుతున్నది. ఈ జాబితాల రూపకల్పన, అభ్యంతరాల పరిశీలనపై ఉమ్మడి హైకోర్టు పూర్తి ధర్మాసనం 2015 డిసెంబరులో సమగ్రమైన మార్గదర్శకాలను వెలువరించింది.

ఉత్తర్వు వచ్చినా పని పూర్తి కాదు

విడుదల ఉత్తర్వుతో విషయం ముగిసిందని భావించడం పరిపాటి. అయితే ఉత్తర్వు సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి చేరి నమోదు కానంతవరకు ఈసీలో పాత జప్తే కనిపిస్తూ ఉంటుంది. కనుక సర్టిఫైడ్ నకలు పొంది, కోర్టు ద్వారా సమాచారం పంపించడంతో పాటు స్వయంగానూ సబ్ రిజిస్ట్రారుకు అందజేసి రసీదు తీసుకోవాలి. తరువాత తాజా ఈసీ పొంది, ఎత్తివేత నమోదైనదీ లేనిదీ సరిచూసుకోవాలి. రెవెన్యూ రికార్డులో జప్తు వ్రాసి ఉంటే తహసీల్దారు కార్యాలయంలోనూ ఇదే పని చేయించాలి.

బాకీ తీరిపోయినా, అమలు పిటిషన్ కొట్టివేయబడినా పాత నమోదు మిగిలిపోవడం మరొక సమస్య. బాకీ చెల్లింపు జరిగితే జప్తు ఉపసంహరించినట్లేనని 55వ నిబంధన, పిటిషన్‌ను కొట్టివేస్తూ జప్తు కొనసాగింపుపై కోర్టు ఏమీ చెప్పకపోతే అది ముగిసినట్లేనని 57వ నిబంధన చెబుతున్నాయి. ఇటువంటి సందర్భాలలో ఆ ఉత్తర్వుల నకళ్లే ఆధారం.

ఉచిత న్యాయ సహాయం

న్యాయ సేవల ప్రాధికార చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గాని, మండల కమిటీలో గాని దరఖాస్తు చేసుకోవచ్చు. జాతీయ సహాయవాణి 15100 నంబరులోనూ వివరాలు పొందవచ్చును.

అధికారులు, పాత్రికేయుల పాత్ర

జప్తు షెడ్యూలులో తండ్రి పేరు, ఉపవిభాగం, విస్తీర్ణం, నాలుగు హద్దులు తప్పనిసరిగా ఉండేలా చూడటం, జప్తుకు ముందు తాజా ఈసీని, క్షేత్రస్థాయి స్వాధీనాన్ని సరిచూడటం వసూలు అధికారుల స్థాయిలోనే ఈ సమస్యను చాలావరకు నివారించగలదు. ఎత్తివేత ఉత్తర్వులను అందిన రోజునే నమోదు చేయడం సబ్ రిజిస్ట్రార్ల వంతు. జప్తు నమోదుకు చూపే శ్రద్ధ దాని తొలగింపునకూ చూపినప్పుడే రికార్డుకు విశ్వసనీయత.

వేలం ప్రకటనల ఆధారంగా వార్తలు వ్రాసే పాత్రికేయులు ఆస్తి ఎవరిది, బాకీ ఎవరిది అన్న రెండు విషయాలను వేర్వేరుగా నిర్ధారించుకోవడం సముచితం. జప్తయిన ఇంటి యజమానిని 'ఎగవేతదారు'గా పేర్కొని, తరువాత అతనికి ఆ అప్పుతో సంబంధమే లేదని తేలినచో, కోర్టు జప్తును ఎత్తివేసినా పోయిన పరువు తిరిగి రాదు.

ఆస్తిదారులు సంవత్సరానికి ఒకసారి అయినా తమ ఆస్తి ఈసీని పరిశీలించుకోవడం, కొనుగోలు అనంతరం రెవెన్యూ, పురపాలక రికార్డులలో పేరు మార్పిడిని వెంటనే పూర్తి చేసుకోవడం, ఖాళీ స్థలాలపై కన్నేసి ఉంచడం వలన పొరపాట్లు తొలి దశలోనే బయటపడతాయి. అమ్మకం కుదిరిన తరువాత కాక, ఏ తొందరా లేనప్పుడే ఈసీని చూసుకున్నవారికి క్లెయిమ్ దాఖలుకు కావలసినంత వ్యవధి ఉంటుంది.